ఆన్‌లైన్ ఫామ్‌లో టైప్ చేసింది పోకుండా ఏం చేయాలి?

షాదీ ముబారక్, పిల్లల స్కాలర్‌షిప్, అబ్బా పాస్‌పోర్ట్ రెన్యువల్, హజ్ దరఖాస్తు, మస్జిద్ వక్ఫ్ వివరాలు... ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక ఆన్‌లైన్ ఫామ్ నింపాల్సిందే. గంటసేపు కూర్చొని అన్నీ టైప్ చేస్తాం. చివర్లో సబ్మిట్ నొక్కగానే 'సెషన్ ఎక్స్‌పైర్డ్' అని వస్తుంది. పేజీ ఖాళీ. మళ్లీ మొదట్నుంచి.

ఇలా పోయేది గంట సమయం మాత్రమే కాదు. చివరి తేదీ దగ్గర్లో ఉంటే ఏకంగా అవకాశమే పోతుంది. రెండోసారి విసుగుతో, హడావుడిగా నింపితే తప్పులు దొర్లుతాయి. ఆ తప్పుల వల్ల దరఖాస్తు వెనక్కి వస్తుంది. కాబట్టి టైప్ చేసింది ఎందుకు పోతుందో, పోకుండా ఏం చేయాలో, పోతే ఎలా వెతకాలో ఇక్కడ వివరంగా ఇస్తున్నాం. ఇంట్లో ఫామ్‌లు నింపే పిల్లలకు కూడా చూపించండి.

ఉమీద్ పోర్టల్ నేర్పిన పాఠం

గడువు దగ్గరపడ్డాక ఆన్‌లైన్ ఫామ్‌తో కుస్తీ పట్టడం ఎలా ఉంటుందో 2025లో మన మస్జిద్ కమిటీలకు, ముతవల్లీలకు బాగా అనుభవమైంది. కేంద్ర ప్రభుత్వం 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ ప్రారంభించింది. మస్జిద్, దర్గా, ఖబ్రస్తాన్, అషుర్‌ఖానా ఏదైనా సరే, వక్ఫ్ ఆస్తి వివరాలను 6 నెలల్లో అందులో ఎక్కించాలని గడువు పెట్టింది. ముతవల్లీ వివరాలు ఎక్కించాలి, వక్ఫ్ బోర్డు స్థాయిలో పరిశీలించాలి, ఆ పైన ఆమోదం రావాలి. ఇలా మూడు మెట్లు.

పోర్టల్ నెమ్మదిగా నడుస్తోందని, గడువు పెంచాలని దేశమంతటా విన్నపాలు వెళ్లాయి. డిసెంబర్ 1న సుప్రీంకోర్టు అందరికీ కలిపి గడువు పెంచడానికి ఒప్పుకోలేదు, ఇబ్బంది ఉన్నవాళ్లు వక్ఫ్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలని చెప్పింది. డిసెంబర్ 6తో అప్‌లోడ్ ఆగిపోయింది. కేంద్రం అప్పుడు ఇచ్చిన లెక్క ప్రకారం 5 లక్షల 17 వేల ఆస్తుల నమోదు మొదలైంది. వాటిలో 2 లక్షల 16 వేలకు పైగా ఆమోదం పొందాయి, 2 లక్షల 13 వేలకు పైగా సమర్పించి పరిశీలనలో ఉన్నాయి, 10 వేలకు పైగా తిరస్కరణకు గురయ్యాయి. ఈ మూడూ కలిపి చూసినా, మొదలైన వాటికన్నా దాదాపు 75 వేలు తక్కువ.

అవన్నీ టైప్ చేసింది పోవడం వల్లే ఆగాయని కాదు. పాత పత్రాలు దొరకకపోవడం, సర్వే నంబర్లు సరిపోకపోవడం లాంటి కారణాలు ఎన్నో ఉండొచ్చు. కానీ ఒక మాట స్పష్టం. ఫామ్ మొదలుపెట్టడం వేరు, అది అవతలివైపు చేరడం వేరు. ఈ తేడా తెలిస్తే సగం సమస్య తీరినట్టే.

అసలు ఎందుకు పోతుంది?

మీరు బాక్సులో టైప్ చేసే అక్షరాలు వెంటనే ఆఫీసుకు చేరవు. అవి మీ ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో తెరిచి ఉన్న ఆ పేజీలోనే ఉంటాయి. పలక మీద రాసినట్టన్నమాట. 'సేవ్' గానీ 'సబ్మిట్' గానీ నొక్కి, అవతలి సర్వర్ 'అందింది' అని చెప్పాకే అది రిజిస్టర్‌లో ఎక్కినట్టు. ఈలోపు పలక తుడిచిపెట్టుకుపోయే దారులు ఇవి:

1. సెషన్ గడువు. లాగిన్ అయిన తర్వాత కొన్ని నిమిషాలు సర్వర్‌కు ఏ కదలికా అందకపోతే అది మిమ్మల్ని బయటికి పంపేస్తుంది. మీరు అదే పేజీలో టైప్ చేస్తూనే ఉన్నా, ఆ టైపింగ్ సర్వర్‌కు కనిపించదు. దాని లెక్కలో మీరు ఖాళీగా కూర్చున్నారు. పెద్ద పేరా రాసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

2. క్యాప్చా, ఓటీపీ. క్యాప్చాలో ఒక్క అక్షరం తప్పితే కొన్ని సైట్లు మొత్తం ఫామ్‌ను ఖాళీ చేసి తిరిగిస్తాయి. ఫోటోలు, పిడిఎఫ్‌లు కూడా చాలాసార్లు మళ్లీ జతచేయాల్సి వస్తుంది.

3. ఫోన్ మెమరీ. ఓటీపీ చూడటానికి మెసేజ్‌లలోకి వెళ్తారు, ఆధార్ ఫోటో కోసం కెమెరా తెరుస్తారు. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ ఆ సమయంలో వెనకున్న బ్రౌజర్ పేజీని మూసేస్తుంది. తిరిగొచ్చేసరికి పేజీ కొత్తగా లోడ్ అవుతుంది.

4. చేతి పొరపాటు. ఫోన్‌లో పేజీని కిందికి లాగితే రిఫ్రెష్ అవుతుంది. పక్కకు తోస్తే వెనక పేజీకి పోతుంది. కంప్యూటర్‌లో తెలియక ట్యాబ్ మూసేస్తాం.

5. కరెంటు, నెట్. సబ్మిట్ నొక్కిన క్షణంలో నెట్ పోతే ఫామ్ వెళ్లిందో లేదో తెలియని అయోమయం.

6. నిశ్శబ్దంగా తెగిపోవడం. ఇది చాలామంది గమనించరు. బాక్సులో 500 అక్షరాల పరిమితి ఉండి, మీరు అంతకన్నా పెద్ద పేరా పేస్ట్ చేస్తే మిగతాది చెప్పాపెట్టకుండా కత్తిరించుకుపోతుంది. ఫిర్యాదులో అసలు విన్నపం చివరి రెండు వాక్యాల్లో ఉంటే అది అవతలికి చేరనే చేరదు.

అసలు మందు: ముందు బయట రాయండి

ఒంటెను ముందు కట్టాలి, ఆ తర్వాతే తవక్కుల్ అని చిన్నప్పట్నుంచి వింటున్నాం కదా. ఇక్కడ ఒంటెను కట్టడమంటే, ఫామ్ తెరవకముందే జవాబులన్నీ మన సొంత చోట రాసి పెట్టుకోవడం. రెండు, మూడు వాక్యాలు మించే ఏ జవాబూ నేరుగా ఫామ్‌లో టైప్ చేయకండి.

ఎక్కడ రాయాలి? ఫోన్‌లో అయితే నోట్స్ యాప్, గూగుల్ కీప్. వాట్సాప్‌లో మీకు మీరే మెసేజ్ పంపుకునే సౌకర్యం ఉంది, అదీ చాలు. కంప్యూటర్‌లో అయితే గూగుల్ డాక్స్ మంచిది, నెట్ ఉన్నంతసేపూ దానంతటదే సేవ్ అవుతుంది. నోట్‌ప్యాడ్ వాడితే మధ్యమధ్యలో కంట్రోల్, ఎస్ నొక్కుతూ ఉండండి.

ఇంటికి ఒక వివరాల షీట్ తయారు చేసి పెట్టుకుంటే ప్రతి ఫామ్‌కూ పనికొస్తుంది. అందులో ఉండాల్సినవి:

• ప్రతి ఒక్కరి పేరు, ఆధార్‌లో ఉన్న స్పెల్లింగ్‌తోనే. మొహమ్మద్, మహమ్మద్, ఎండీ అని ఒకే మనిషికి మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉండటం మన ఇళ్లలో మామూలే. పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఆ తేడాను పక్కన రాసుకోండి. ఫామ్ మధ్యలో దాని గురించి ఆలోచిస్తూ కూర్చుంటేనే సెషన్ అయిపోతుంది.

• పుట్టిన తేదీలు, తండ్రి, తల్లి పేర్లు, పెళ్లి తేదీ.

• చిరునామా రెండు రకాలుగా. మన జంటనగరాల ఇంటి నంబర్లలో గీతలు, వాలు గీతలు ఎక్కువ. కొన్ని ఫామ్‌లు వాలు గీతను ఒప్పుకోక ఎర్రర్ చూపిస్తాయి. గీతలతో ఒకటి, గీతలు లేకుండా ఖాళీలతో ఒకటి రాసి పెట్టుకోండి.

• బ్యాంక్ ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, కులం, ఆదాయ ధ్రువపత్రాల నంబర్లు, వాటి తేదీలు.

• ఫోటో, సంతకం, పిడిఎఫ్‌లు ఒకే ఫోల్డర్‌లో, ఫామ్ అడిగిన సైజుకు ముందే తగ్గించి.

పాస్‌వర్డ్‌లు, ఏటీఎం పిన్ మాత్రం ఈ షీట్‌లో రాయొద్దు. షీట్‌ను గ్రూపుల్లో పంపొద్దు.

తెలుగు, ఉర్దూలో రాసేవాళ్లకు ప్రత్యేకంగా

మన పాత కంప్యూటర్లలో, డీటీపీ సెంటర్లలో తెలుగును అను ఫాంట్లలో, ఉర్దూను పాత ఇన్‌పేజ్‌లో టైప్ చేయడం అలవాటు. అవి ముద్రణకు బాగానే ఉంటాయి. ఫామ్‌లో పేస్ట్ చేస్తే మాత్రం అర్థంలేని గుర్తులు వస్తాయి, ఎందుకంటే వెబ్‌సైట్లకు కావాల్సింది యూనికోడ్. తేలిక పరీక్ష ఒకటుంది. ఆ మేటర్‌ను వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. అక్కడ సరిగ్గా చదవగలిగితే అది యూనికోడే, ఫామ్‌లో కూడా సాధారణంగా సరిగ్గానే వస్తుంది. చదవలేకపోతే ఫోన్ కీబోర్డులో మళ్లీ టైప్ చేసుకోవడం మేలు.

రెండోది, అక్షరాల లెక్క. 'సికింద్రాబాద్' అన్న మాట మన కంటికి 5 అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో 13. గుడి, సున్నా, ఒత్తు అన్నీ అది విడివిడిగా లెక్కేస్తుంది. అందుకే '500 అక్షరాల లోపు' అని ఉన్న బాక్సు తెలుగులో రాస్తే అనుకున్నదానికన్నా ముందే నిండిపోతుంది. ఇంకొన్ని సైట్లు బైట్లలో లెక్కేస్తాయి. ఆ లెక్కలో ఒక్కో తెలుగు గుర్తుకు 3, ఉర్దూ అక్షరానికి 2 పడతాయి. కాబట్టి ముఖ్యమైన విన్నపం మొదటి రెండు వాక్యాల్లోనే పెట్టండి. పేస్ట్ చేశాక బాక్సు చివరికి వెళ్లి ఆఖరి మాట వచ్చిందో లేదో కళ్లతో చూడండి.

మూడోది, వర్డ్ నుంచి కాపీ చేస్తే వంపు తిరిగిన కొటేషన్ గుర్తులు, పొడవాటి గీతలు వెంట వస్తాయి. కొన్ని ఫామ్‌లు వాటిని తిప్పికొడతాయి. కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కితే చాలా బ్రౌజర్లలో ఫాంటు, రంగు లేకుండా ఉత్త అక్షరాలే పేస్ట్ అవుతాయి. కొటేషన్ గుర్తులు మాత్రం మీరే చూసి తీసేయాలి.

నింపేటప్పుడు

డ్రాఫ్ట్ సౌకర్యం ఉంటే వాడండి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో డ్రాఫ్ట్‌గా సేవ్ చేసి తర్వాత పూర్తి చేయొచ్చు. పాస్‌పోర్ట్ సేవ ఫామ్‌లో 'సేవ్ మై డీటెయిల్స్' బటన్ ఉంటుంది. కుమ్మరిగూడ పాస్‌పోర్ట్ ఆఫీసుకు సంబంధించిన పనైనా ఫామ్ నింపేది ఆ సైట్‌లోనే కాబట్టి, ప్రతి పేజీకీ ఆ బటన్ నొక్కడం అలవాటు చేసుకోండి. అయితే డ్రాఫ్ట్ అంటే దరఖాస్తు ఇచ్చినట్టు కాదు. ఫైనల్ సబ్మిట్ మర్చిపోయి డ్రాఫ్ట్‌లోనే వదిలేసే పిల్లలున్నారు. గడువు దాటాక అది ఎందుకూ పనికిరాదు.

సబ్మిట్ నొక్కే ముందు పెద్ద బాక్సులో కంట్రోల్, ఎ నొక్కి, తర్వాత కంట్రోల్, సి నొక్కండి. మొత్తం కాపీ అవుతుంది. దాన్ని నోట్‌లో పేస్ట్ చేయండి. ఐదు సెకన్ల పని. పెద్ద ఫామ్ అయితే కంట్రోల్, పి నొక్కి పిడిఎఫ్‌గా సేవ్ చేసుకోవచ్చు. పొడవాటి బాక్సులో కంటికి కనిపించే భాగమే పిడిఎఫ్‌లో వస్తుంది కాబట్టి, వీలైతే బాక్సు మూల పట్టుకొని ముందు పెద్దది చేయండి.

ఫోన్‌లో అయితే మొదలుపెట్టే ముందు మిగతా యాప్‌లన్నీ మూసేయండి. ఫోటోలు ముందే తీసి పెట్టుకోండి. ఓటీపీ కోసం మెసేజ్‌లలోకి వెళ్లకుండా, పైనుంచి దిగే నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. ఓటీపీ వచ్చే ఫోన్ వేరే ఉంటే ఇంకా మంచిది. పొడవైన ఫామ్‌లు మాత్రం వీలైనంతవరకు కంప్యూటర్‌లోనే నింపండి.

కొన్ని సైట్లలో పేస్ట్ చేయనివ్వరు. అప్పుడు కూడా బయట రాసి పెట్టుకున్నది వృథా కాదు. దాన్ని పక్కన పెట్టుకొని చూసి టైప్ చేస్తే 20 నిమిషాల పని 5 నిమిషాల్లో అవుతుంది, సెషన్ అయిపోదు.

పోయిందనిపిస్తే, కంగారుపడకండి

ఖాళీ పేజీ కనిపించగానే చాలామంది కొత్తగా టైప్ చేయడం మొదలుపెడతారు. ఆగండి. ఈ వరుసలో ప్రయత్నించండి:

1. పేజీ ఇంకా తెరిచే ఉండి నెట్ మాత్రమే పోయిందా? సబ్మిట్ నొక్కొద్దు, రిఫ్రెష్ చేయొద్దు. రాసింది కాపీ చేసుకోండి, లేదా స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత నెట్ సంగతి చూడండి.

2. బాక్సులోది పొరపాటున చెరిగిపోతే కంట్రోల్, జెడ్ నొక్కండి. తిరిగొస్తుంది.

3. ఎర్రర్ పేజీ వస్తే ఒకసారి బ్యాక్ నొక్కి చూడండి. చాలాసార్లు బ్రౌజర్ పాత ఫామ్‌ను నింపిన వివరాలతో సహా చూపిస్తుంది. రాగానే ముందు కాపీ చేయండి. కొన్ని ప్రభుత్వ, బ్యాంకు సైట్లు భద్రత కోసం పేజీని దాచుకోవద్దని బ్రౌజర్‌కు చెబుతాయి. అక్కడ ఇది పనిచేయదు.

4. 'ఫామ్ మళ్లీ పంపమంటారా' అని బ్రౌజర్ అడిగితే ఆలోచించి ఒప్పుకోండి. అంతకుముందు పంపిందే మళ్లీ వెళ్తుంది. ఫీజు కట్టే పేజీలో అయితే రెండుసార్లు కట్టినట్టు కావచ్చు. ముందు బ్యాంకు మెసేజ్ చూసుకోండి.

5. ట్యాబ్ మూసుకుపోతే వెంటనే కంట్రోల్, షిఫ్ట్, టి నొక్కండి. ట్యాబ్ తిరిగొస్తుంది, కొన్నిసార్లు రాసినదానితో సహా. ఫైర్‌ఫాక్స్ తెరిచి ఉన్న పేజీలనూ, వాటిలో నింపినదాన్నీ మామూలుగా 15 సెకన్లకోసారి దాచుకుంటుంది. కరెంటు పోయి వచ్చాక 'పాత సెషన్ తిరిగి తెరువు' అన్నది నొక్కితే చాలావరకు దొరుకుతుంది.

6. ఇంతకుముందు కాపీ చేసిన ముక్క ఏదైనా ఉందేమో చూడండి. విండోస్ 10, 11లో విండోస్ కీ, వి కలిపి నొక్కితే చివరగా కాపీ చేసిన 25 దాకా కనిపిస్తాయి. అయితే ఆ సౌకర్యాన్ని ముందే ఆన్ చేసి ఉండాలి. ఫోన్‌లో జీబోర్డ్ క్లిప్‌బోర్డ్ ఆన్ చేసి ఉంటే కాపీ చేసినవి గంటసేపు ఉంటాయి, పిన్ చేస్తే అలాగే ఉండిపోతాయి.

7. సెషన్ అయిపోయిందని అనుమానమొస్తే, ఫామ్ ఉన్న ట్యాబ్‌ను కదపకుండా రాసింది కాపీ చేసుకోండి. ఇంకో ట్యాబ్‌లో మళ్లీ లాగిన్ అయి, పాత ట్యాబ్‌కు వచ్చి సబ్మిట్ నొక్కి చూడొచ్చు. కొన్ని సైట్లలో ఇది పనిచేస్తుంది, కొన్నిట్లో పనిచేయదు.

రోజూ ఫామ్‌లు నింపేవాళ్లు టైపియో ఫామ్ రికవరీ లాంటి ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవచ్చు. మీరు టైప్ చేసేది ఎప్పటికప్పుడు మీ కంప్యూటర్‌లోనే దాచి ఉంచుతుంది. క్రోమ్ ఆటోఫిల్ ఇలాంటిది కాదు. అది పేరు, చిరునామా గుర్తుపెట్టుకుంటుందే తప్ప మీరు రాసిన విన్నపాన్ని కాదు.

నెట్ సెంటర్‌లో జాగ్రత్త

పైన చెప్పిన సౌకర్యాలన్నీ సొంత కంప్యూటర్‌కే. నలుగురు వాడే కంప్యూటర్‌లో అవే ప్రమాదం. మీ తర్వాత కూర్చున్నవాళ్లు విండోస్ కీ, వి నొక్కితే మీ ఆధార్ నంబరు కనిపించొచ్చు. ఎక్స్‌టెన్షన్ ఉంటే మీ ఫామ్ మొత్తం కనిపించొచ్చు. అందుకే లేచేముందు క్లిప్‌బోర్డ్ క్లియర్ చేయించండి, డౌన్‌లోడ్ చేసిన పిడిఎఫ్‌లు డిలీట్ చేయించండి, వాట్సాప్ వెబ్, ఈమెయిల్ లాగౌట్ అవండి. ముఖ్యంగా అమ్మాయిల ఫోటోలు, పెళ్లి పత్రాలు అక్కడ మిగిలిపోకుండా చూసుకోండి.

నెట్ సెంటర్ అబ్బాయే నింపితే, మీ వివరాల షీట్ చేతికివ్వండి. నోటితో చెబుతుంటే స్పెల్లింగ్ తప్పులు వస్తాయి. మొబైల్ నంబరు, ఈమెయిల్ మాత్రం మీవే ఇవ్వండి. సెంటర్ వాళ్ల నంబరు ఇస్తే, రేపు దరఖాస్తు స్థితి చూడాలన్నా ఓటీపీ వాళ్లకే వెళ్తుంది.

చివరి మెట్టు: నంబరు చేతికొచ్చిందా?

'థాంక్యూ' అన్న పేజీ చూసి లేచిపోకండి. దరఖాస్తు నంబరు వచ్చిందా? దాన్ని కాగితం మీద రాసుకోండి, స్క్రీన్‌షాట్ తీయండి, రసీదు పిడిఎఫ్ మీకు మీరే పంపుకోండి. ఉదాహరణకు షాదీ ముబారక్ దరఖాస్తు తెలంగాణ ఈపాస్ సైట్‌లో చేస్తారు. ₹1,00,116 సాయం విషయంలో రేపు ఆఫీసుకు వెళ్లి అడగాలంటే ఆ నంబరే ఆధారం. నంబరు రాలేదంటే దరఖాస్తు చేరలేదనే అనుకోండి. అదే రోజు సైట్‌లో స్థితి చూసుకోండి.

ఫామ్ పదేపదే ఎర్రర్ ఇస్తుంటే, ప్రతిసారీ తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. గడువు దాటాక ఆఫీసుకో, ట్రిబ్యునల్‌కో వెళ్లాల్సి వస్తే 'సైట్ పనిచేయలేదండీ' అన్న మాటకన్నా ఆ స్క్రీన్‌షాట్‌కే బలం ఎక్కువ.

గోడకు అంటించుకోవడానికి

• ముందు నోట్‌లో రాయి, తర్వాత ఫామ్ తెరువు.
• యూనికోడో కాదో వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడు.
• పేస్ట్ చేశాక ఆఖరి మాట వచ్చిందో లేదో చూడు.
• ప్రతి పేజీకీ సేవ్ నొక్కు. డ్రాఫ్ట్ అంటే దరఖాస్తు కాదు.
• సబ్మిట్‌కు ముందు కాపీ తీసుకో.
• పోతే ముందు బ్యాక్, కంట్రోల్ జెడ్, కంట్రోల్ షిఫ్ట్ టి. ఆ తర్వాతే కొత్తగా టైపింగ్.
• నంబరు చేతికొచ్చేదాకా పని అయినట్టు కాదు.
• చివరి రోజు దాకా ఆగకు.

చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. గడువుకు వారం ముందు ఫామ్ పోతే మళ్లీ నింపుకోవచ్చు. చివరి రాత్రి పోతే ఏ కిటుకూ అక్కరకు రాదు. ఈ ఆదివారం ఇంట్లో అందరూ ఉన్నప్పుడు ఒక గంట కూర్చొని వివరాల షీట్ తయారు చేసేయండి. వచ్చే ఫామ్ ఏదైనా, ఇన్షాఅల్లాహ్, ఒకేసారిలో పూర్తవుతుంది.